బెల్టు పక్కకు పోతే చెయ్యి పోవాలా?

వరికోతలు మొదలయ్యాయంటే పెనుబల్లి మండలంలో, లంకాసాగర్ కిందా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కిందా ఉన్న పొలాల్లోకి రెండు మిషన్లు ఒకదాని వెనుక ఒకటి దిగుతున్నాయి. ముందు కోత మిషను. అది వడ్లు తీసుకుని గడ్డిని బారుగా వదిలిపోతుంది. దాని వెనుక గడ్డికట్టల మిషను. ట్రాక్టరుకు తగిలించిన ఈ మిషను ఆ బారును ఎత్తుకుని, చాప చుట్టినట్టు చుట్టి, పురికొస కట్టి, గుండ్రటి కట్టలుగా వెనక్కు వదులుతుంది. కొడవలి పట్టిన చేతులకు కోత మిషను పని లేకుండా చేసింది. మిగిలిన కొద్ది చేతులకు ఈ గడ్డి మిషను పని ఇస్తున్నది నిజమే. అయితే ఆ చేతుల మీదికే అది గురి పెడుతున్నది. ఈ వారం మేము రాస్తున్నది ఆ సంగతే.

మొన్నటి పంటలో ఒక పొలం గట్టున నిలబడి ఇలాంటి మిషను పని చూశాము. అది బెల్టు రకం మిషను. లోపల పక్కపక్కనే తిరగవలసిన రబ్బరు బెల్టుల్లో ఒకటి దారి తప్పి పక్క బెల్టు మీదికి ఎక్కింది. కీచుమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. డ్రైవరు ట్రాక్టరు ఆపలేదు. వెంట నడుస్తున్న కుర్రవాడు పక్కనున్న సందులోంచి కర్ర పెట్టి, తిరుగుతున్న బెల్టును తోస్తున్నాడు. “ఆపి చూడొచ్చు గదా తమ్ముడూ” అన్నాము. “ఆపితే కట్టలెక్కడివన్నా? కట్టకింత అని మా లెక్క. మిషను ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగినట్టే” అన్నాడు. ఫోనులో యజమాని చెప్పిన మాట కూడా మాకు వినపడింది: “ఓ దెబ్బ కొట్టండ్రా, అదే సర్దుకుంటది.”

బెల్టు అలా సర్దుకోదు. బెల్టు పక్కకు పోవడం గ్రహచారమూ కాదు, కుర్రవాడి చేతకానితనమూ కాదు. దానికి కారణం ఉంటుంది, ఆ కారణం వెతికితే దొరుకుతుంది. వెతకాలంటే మాత్రం మిషను ఆగాలి. కట్టల లెక్కన కూలి ఇచ్చే పద్ధతి ఆ ఆగడాన్ని కూలీకి నష్టంగా మార్చేసింది. చిక్కుముడి అంతా ఇక్కడే ఉన్నది. కాబట్టి యంత్రం సంగతి, కూలి సంగతి రెండూ కలిపే చెప్పుకోవాలి.

ఈ మిషను ఎవరి కోసం పుట్టింది?

గడ్డిని గుండ్రంగా చుట్టే యంత్రం మన నేల మీద పుట్టినది కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు రైతు ఉమ్మో లుబెన్ 1910లో దానికి పేటెంటు పొందాడు. 1947లో అల్లిస్-చామర్స్ కంపెనీ దానిని రోటో-బేలర్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 1971లో అయోవా రాష్ట్రం పెల్లా ఊరికి చెందిన గ్యారీ వెర్మీర్ పెద్ద కట్టలు చుట్టే మిషను తయారుచేశాడు. పదిమంది చేసే గడ్డి పనిని ఒక్కడే చేసుకోవాలన్నది అక్కడి లక్ష్యం. అక్కడ పొలాలు పెద్దవి, పనిచేసే మనుషులు తక్కువ. అక్కడ చాలాచోట్ల మిషను నడిపేవాడే దాని యజమాని. చెయ్యి పోతే తనదే పోతుందని తెలుసు గనుక ఆపుకుంటాడు, ఆపినందుకు ఎవడికీ జవాబు చెప్పనక్కర్లేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. మిషను ఒకరిది, ట్రాక్టరు మరొకరిది, పొలం ఇంకొకరిది, చెయ్యి మాత్రం కూలీది. ఆగిన ప్రతి నిమిషమూ ఈ నలుగురిలో చివరివాడి మీదనే పడుతున్నది. మిషను యజమానులందరూ భూస్వాములని మేము అనడం లేదు. అప్పుచేసి మిషను కొని, కిస్తీల కోసం రాత్రింబవళ్ళు తిప్పే చిన్న రైతుల బిడ్డలు కూడా వారిలో ఉన్నారు. సీజను పదిహేను ఇరవై రోజులే. ఆ కొద్ది రోజుల్లో కిస్తీ రాబట్టుకోవాలన్న తొందర పైనుంచి కిందికి దిగి, చివరకు బెల్టు దగ్గర నిలబడ్డ కుర్రవాడి వేళ్ళ మీదికి వస్తున్నది.

బెల్టు ఎందుకు దారి తప్పుతుంది?

ఇది పెద్ద చదువు అక్కర్లేని విషయం. వెనకటి రైసు మిల్లుల్లో పనిచేసినవారికి, ఆయిలింజనుతో నీళ్ళు తోడినవారికి పట్టా బెల్టు గుణం తెలుసు. ఆ మిల్లు చక్రాలు నడిమధ్యలో కాస్త ఉబ్బుగా ఉండేవి. ఎందుకంటే తిరిగే బెల్టు ఎప్పుడూ లావుగా ఉన్న వైపుకు ఎక్కుతుంది. మధ్య లావుగా ఉంటే మధ్యలోనే నిలుస్తుంది. అదే గుణం గడ్డి మిషనులో మనకు ఎదురు తిరుగుతుంది. రోలరుకు ఒక కొసన తడిగడ్డో, తెగిన పురికొసో, బురదో చుట్టుకున్నదనుకోండి. ఆ కొస లావెక్కుతుంది. బెల్టు అటే ఎక్కుతుంది.

రెండో గుణం. రోలరు అడ్డంగా, తిన్నగా ఉండాలి. ఒక కొస ముందుకూ, ఒక కొస వెనక్కూ జరిగితే, బెల్టు ముందుగా ఏ కొసను తాకుతుందో ఆ వైపుకే పోతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి వెనుకబడితే బండి దారి మారినట్టు.

మూడో గుణం. బిగువుగా ఉన్న బెల్టు దారిలో ఉంటుంది, వదులైన బెల్టు తిరుగుబోతు అవుతుంది. కట్ట ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా పెరుగుతుంటే లావువైపు బెల్టులు బిగుస్తాయి, సన్నవైపు బెల్టులు వదులవుతాయి. ఆ వదులు బెల్టే మడతపడి పక్కదాని మీద కూర్చుంటుంది.

బెల్టు పక్కకు పోయే రోగాలలో ఎక్కువ భాగం ఈ మూడు గుణాల్లోంచే పుడతాయి.

ముందు తాళం చెవి జేబులో పడాలి

కారణం వెతికే ముందు ఒక మాట. ట్రాక్టరు వెనుక పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరిగేలా ఈ మిషన్లు నడుస్తాయి. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె కొంగో, చున్నీయో, తలగుడ్డో తగిలితే, “అయ్యో” అనేలోపు తొమ్మిది చుట్లు చుట్టుకుంటుంది. పళ్ళ మధ్య ఇరుక్కున్న గడ్డిని పట్టుకుని లాగే మనిషి, వదలాలన్న ఆలోచన వచ్చేలోపే లోపలికి పోతాడు. మనిషి చెయ్యి కంటే యంత్రం పన్ను వేగం ఎక్కువ. ఇక్కడ చాకచక్యం పనికిరాదు.

కాబట్టి వరుస ఇది. పీటీఓ తీసెయ్యాలి. ఇంజను ఆపాలి. తాళం చెవి తీసి, మిషను దగ్గరకు పోయే మనిషే తన జేబులో వేసుకోవాలి. అంతా కదలకుండా ఆగిందాకా దూరంగా నిలబడాలి. వెనుక తలుపు ఎత్తి లోపలికి వంగవలసి వస్తే, ఆ తలుపు కిందికి దిగకుండా ఉన్న లాకు వెయ్యాలి. ఆయిలు కారి తలుపు ఒక్కసారిగా దిగితే మనిషి బతకడు. బెల్టులను బిగబట్టే స్ప్రింగుల్లో, ఆయిలు సిలిండర్లలో ఇంజను ఆగినా బలం దాగి ఉంటుంది. ఆ బిగింపు వదిలించకుండా బెల్టు అతుకు విప్పకూడదు. షాఫ్టు మీద ఉండవలసిన తొడుగు విరిగిపోయి ఉంటే ఆ మిషను పనికి దిగకూడదు.

ఎక్కడ వెతకాలి, ఏ వరుసలో?

మెకానిక్కు సత్తుపల్లి నుంచో, ఖమ్మం నుంచో రావడానికి పూట పడుతుంది. ఆ లోపల డ్రైవరూ కూలీలూ చూసుకోగలిగినవి చాలానే ఉన్నాయి.

ఒకటి. ఒక్క బెల్టే పోతున్నదా, అన్నీ ఒకే పక్కకు పోతున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక్కటే పోతే రోగం ఆ బెల్టులోనో, దాని కింద చుట్టుకున్న గడ్డిలోనో, దానిని దారిలో పెట్టే గైడులోనో ఉంది. అన్నీ ఒకే పక్కకు పోతుంటే రోగం రోలరులోనో, బేరింగులోనో, బిగింపులోనో, గడ్డి అందే తీరులోనో ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తగ్గుతుంది.

రెండు. ఖాళీగా తిరిగినప్పుడు తిన్నగా ఉండి, గడ్డి పడ్డాకే పోతున్నదా? దూరంగా నిలబడి చూడాలి. గడ్డి పడ్డాకే పోతుంటే తప్పు గడ్డి అందే తీరుదే. బయటపడ్డ కట్టనే చూడండి. రెండు కొసలూ సమానంగా ఉన్నాయా, ఒక కొస బానలా, ఒక కొస మూతిలా ఉన్నదా? కట్టే సాక్ష్యం చెబుతుంది. గడ్డి బారు మిషను వెడల్పుకంటే సన్నగా ఉన్నప్పుడు కాసేపు ఎడమ అంచున, కాసేపు కుడి అంచున పడేలా ట్రాక్టరు తోలాలి. అదేపనిగా పాములా మెలికలు తిప్పినా ప్రయోజనం లేదు, నడిమధ్యకే పోసినా లేదు. కోత మిషను గొలుసులు దిగబడి గాడులు పడ్డ మడిలో గడ్డి మిషను ఒరిగి నడుస్తుంది. గడ్డి అంతా పల్లం పక్కకే పడుతుంది. అలాంటి మడిలో మెల్లగా పోవడమే మందు.

మూడు. రోలర్లు చూడాలి. కొసలకు చుట్టుకున్న గడ్డి, పురికొస కత్తితో కోసి తీయాలి. మంచు ఆరకముందే పొద్దున్నే మిషను దింపితే ఈ చుట్టుకోవడం ఎక్కువ. పిడికెడు గడ్డి మెలిపెట్టి చూస్తే పచ్చిగా మెత్తగా ఉంటే ఇంకా ఎండలేదన్నమాట. తడి గడ్డి కట్టినా వామిలో బూజు పడుతుంది, గొడ్డు ముట్టదు. రెండు గంటలు ఆగడం అందరికీ లాభం.

నాలుగు. బేరింగులు. ఆపిన తరువాత రోలరు కొస పట్టి ఊపితే ఆడుతున్నదా? దగ్గరగా చెయ్యి పెడితే సెగ తగులుతున్నదా? అరిగిన బేరింగు రోలరును వంకర చేస్తుంది, వంకర రోలరు బెల్టును తోస్తుంది. యాసంగి కోతలప్పుడు, ఏప్రిల్, మే ఎండల్లో, ఆ వేడెక్కిన బేరింగు చుట్టూ ఉన్న గడ్డి నలుసే నిప్పు పుట్టించగలదు. అప్పుడు పోయేది బెల్టు ఒక్కటే కాదు, మిషనూ ట్రాక్టరూ పక్క మడిలో కోయని పంటా పోతాయి. రోజూ పని ముగిశాక నలుసు దులపడం, గ్రీజు పెట్టడం, బిందెలతో నీళ్ళు దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

ఐదు. రోలర్ల మధ్య దూరం టేపుతో కొలవాలి. ఎడమ కొసన ఎంత ఉందో కుడి కొసనా అంతే ఉండాలి. బిగింపు స్ప్రింగులు రెండు పక్కలా ఒకే తీరున ఉన్నాయా చూడాలి. తేడా ఉంటే అది మెకానిక్కు సరిచేయవలసిన పని.

ఆరు. అతుకు. బెల్టు రెండు కొసలనూ క్లిప్పులతో కలుపుతారు. ఆ కొసలు అంచుకు నిలువుగా, మూలమట్టానికి కోసి ఉండాలి. కొంచెం ఏటవాలుగా కోసినా బెల్టు ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి అవుతుంది. ఇక జన్మలో తిన్నగా తిరగదు. పొలంలో తెగిన బెల్టును ఆదరాబాదరా కత్తితో కోసి అతికే చోట ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. తాపీమేస్త్రీ దగ్గరి మూలమట్టం తెచ్చి గీసుకుని కోయండి. అదీ లేకపోతే మేస్త్రీలు గోడ మూలకు పెట్టే లెక్కే ఉంది, మూడు, నాలుగు, ఐదు.

ఏడు. పొడవు. అన్ని బెల్టులూ ఒకే పొడవు ఉండాలి. తెగిన బెల్టును కోసి అతికితే అది పొట్టిదవుతుంది. సాగిన పాతవాటి మధ్య కొత్తది వేస్తే అది బిగుస్తుంది, మిగతావి వదులవుతాయి. తేడా ఎంతవరకు ఉండవచ్చో మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ హద్దు దాటితే అన్నిటినీ సమానం చేయాలి. డబ్బు మిగిలిందని ఒక్క బెల్టు మార్చినవాడు పది కట్టలకొకసారి మిషను ఆపుకుంటాడు.

మన చిన్న మిషన్లలో చాలావాటికి లోపల బెల్టులు ఉండవు. ఇనుప రోలర్లో, గొలుసు మీద పట్టీలో ఉంటాయి. వాటికి అతుకు గొడవ లేదు. కాని గడ్డి చుట్టుకోవడం, బేరింగు అరగడం, ఒక పక్కకే గడ్డి పోయడం వాటికీ ఉన్న రోగాలే. తాళం చెవి నియమం వాటికీ వర్తిస్తుంది.

ఆగిన గంట ఎవరిది?

పైన చెప్పిన పనుల్లో చాలావరకు అరగంట, గంట పనులే. ఎవరూ చేయనిది తెలియక మాత్రమే కాదు. ఆ గంటకు కూలి లేదు గనుక. కట్ట లెక్క ఉన్నచోట మిషను ఆపినవాడు తన కూలిని తానే కోసుకుంటాడు. చెయ్యి పెట్టినవాడు ఆ పూటకు నాలుగు కట్టలు ఎక్కువ చూస్తాడు. ఇలా చేసేవాడికి ధైర్యవంతుడని పేరు, ఆపుదామన్నవాడికి పిరికివాడని పేరు. ఈ పేర్లు పెట్టినది కూలి పద్ధతే. ప్రమాదం జరిగిన నాడు మాత్రం “వాడి నిర్లక్ష్యం” అన్న మాట అందరి నోటా ఒకేసారి వస్తుంది.

ఈ అనుభవం కొత్తది కాదు. హరిత విప్లవం పేరిట పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ పొలాల్లోకి నూర్పిడి యంత్రాలు వచ్చినప్పుడు ఎందరో కూలీల చేతులు వాటి నోట్లో పోయాయి. ఆ తరువాతనే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. యంత్రం నడుపుతూ గాయపడిన, చనిపోయిన కూలీకి పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. అయితే చట్టం తనంతట తాను పేరు పెట్టినది పవర్ థ్రెషర్ ఒక్కదానికే. వ్యవసాయంలో వాడే మరే యంత్రాన్నైనా చేర్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. వందల చేతులు పోయాక ఒక యంత్రం పేరు చట్టంలోకి ఎక్కింది. గడ్డి మిషను విషయంలోనూ అన్ని చేతులూ పోయిందాకా ఆగాలా?

అట్లాగే 1923 నాటి పరిహార చట్టం ట్రాక్టర్లతోనూ యంత్రశక్తితోనూ జరిగే సేద్యంలో పనిచేసేవారిని తన జాబితాలో చేర్చుకున్నది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కూడా పని ప్రమాదాల పరిహారానికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. కాగితం మీది హక్కు చేతికి రావాలంటే సాక్ష్యం కావాలి. అందుకని కార్యకర్తలు ఇది గుర్తుంచుకోవాలి. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో “జారిపడ్డాడు” అని రాయించనివ్వకండి. ఏ మిషనులో, ఏ పొలంలో, ఎవరి పనిలో జరిగిందో అదే రాయించండి. ట్రాక్టరు నంబరు రాసుకోండి. మిషను ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. వెంట పనిచేసినవారి పేర్లు ఆ రోజే రాసిపెట్టండి. ఊళ్ళో పెద్దమనుషుల పంచాయతీలో నాలుగు వేలకో, పది వేలకో చెయ్యి ధర తేల్చే పద్ధతిని ఒప్పుకోకండి.

ఏమి అడగాలి?

కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద యంత్రాల కొనుగోలుకు సబ్సిడీ ఉంది. శిక్షణ అన్న మాట కూడా ఆ పథకంలోనే ఉంది. కాని కేంద్ర ప్రభుత్వ యంత్ర శిక్షణ సంస్థ ఉన్నది అనంతపురం జిల్లా గార్లదిన్నెలో. పెనుబల్లి కుర్రవాడు నాలుగు రోజుల కూలి వదులుకుని, చార్జీలు పెట్టుకుని గార్లదిన్నె పోగలడా? పక్కనే వైరాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. కోతలకు ముందు వారం రోజులు మండల కేంద్రంలోనే, మిషను విప్పి చూపించి నేర్పడం వారికి అసాధ్యం కాదు.

కనుక ఈ కింది విషయాల మీద వ్యవసాయ కార్మికులు, డ్రైవర్లు, చిన్న రైతులు కలిసి కదలాలని మా అభిప్రాయం. కట్టల లెక్క ఉన్నా, మిషను బాగుచేసిన సమయానికి గంటల లెక్కన కూలి ఇవ్వాలి. తొడుగులు, లాకు లేని మిషను పొలంలో దిగకూడదు. మిషను అమ్మే ప్రతి కంపెనీ తెలుగులో బొమ్మలతో పుస్తకం ఇవ్వాలి. గడ్డికట్టల మిషనును ప్రమాదకర యంత్రాల చట్టం పరిధిలో ఉంచి, ఆ చట్టాన్ని పొలం దాకా తేవాలి. సబ్సిడీ మీద మిషను తీసుకున్న ప్రతివారూ దానిమీద పనిచేసేవారికి ప్రమాద బీమా చేయించాలి. గొడ్డు ఉన్న కూలీ ఇంటికి ఎండాకాలం మేతకు కొన్ని కట్టలు వదలాలి. కొడవలి కోతల నాడు మోపు గడ్డి కూలీ ఇంటికి పోయేది, ఆ ఆనవాయితీ మిషనుతో పాటు చుట్టుకుపోకూడదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. మిషను ఆపి బాగుచేసుకుంటే బెల్టు మిగులుతుంది, రబ్బరు ఖర్చు తగ్గుతుంది, కట్ట తిన్నగా వస్తుంది, యజమానికే లాభం. ఈ మాట కూడా యజమానులకు చెప్పి చూడండి, వినేవాళ్ళు వింటారు.

మేము చూసిన ఆ కుర్రవాడు కర్ర విరిగాక ఇంకో కర్ర కోసం వేపచెట్టు వైపు నడిచాడు. ఆ కొద్దిసేపట్లోనైనా డ్రైవరు ఇంజను ఆపాడు. ఇద్దరూ కలిసి వెనుక తలుపు ఎత్తి, లాకు వేసి చూస్తే, రోలరు కొసన జానెడు మందాన పురికొస చుట్టుకుని ఉంది. కత్తితో కోసి తీయడానికి పట్టినది పావుగంట. ఆ పావుగంటకు కూలి ఎవరిస్తారన్నది తేల్చుకుంటే, రేపటి కోతల్లో ఇంకొక కర్ర వెతకవలసిన పని ఉండదు.